మెత్తబడిన మరిదిగారు

టైలరమ్మ కాపురానికి వచ్చేనాటికి ఆవిడకు మరుదులు లేరు. మొగుడు వడ్రంగి మేస్త్రి, వాళ్ళమ్మకు ఒక్కడే కొడుకు. ఇంటికి ఒక్క మగాడైతే ఒక్కడి అలకలే తీర్చాలి కదా అని ఆవిడ అప్పట్లో సంతోషపడింది కూడా. ఆ సంతోషం పదమూడేళ్ళు నిలిచింది. పద్నాలుగో ఏట మరిది దిగాడు. అట్టపెట్టెలో దిగాడు, చుట్టూ థర్మాకోల్ ముక్కలతో.

ఆ మరిది ఒక రూటర్ మిషన్. ఇప్పుడు రూటర్ అంటే పిల్లలు గోడకి తగిలించే ఇంటర్నెట్ డబ్బా అనుకుంటారు. ఇది వడ్రంగుల రూటర్. చెక్క అంచుల్ని గుండ్రంగానో, గాడిగానో, మెట్లుమెట్లుగానో చెక్కుతుంది. మామూలుగా అయితే రెండు చేతులా పట్టుకుని చెక్క మీద నడుపుతారు. బీరువాల అంచులకు కొట్టే సన్నటి బీడింగు పట్టీలు చెక్కాలంటే అలా కుదరదు. అందుకని ఒక బల్లకు మధ్యలో కన్నం చేసి, దాని కింద మిషన్ని తలకిందులుగా బిగిస్తారు. కోసే బిట్టు ఒక్కటే కన్నంలోంచి తల పైకెత్తి చూస్తుంటుంది. పట్టీని దానికి ఆనించి నెట్టుకుంటూ పోవడమే పని.

దీనికి ముందు ఏడాది ఇంకో మిషన్ వచ్చింది గానీ దాంతో వరస కలుపుకునేంత వ్యవధి దొరకలేదు. ఎనిమిది నెలలకే పొగలు కక్కి ఆగిపోయింది. వీధి చివర మోటార్లు బాగుచేసే ఆయన ఉండేవాడు. అందరూ మోటారు డాక్టరనేవారు. టైలరమ్మను చెల్లెమ్మా అని పిలిచేవాడు కాబట్టి మేస్త్రి ఆయనకు బావ. ఆయన మిషన్ విప్పి బోర్లిస్తే కాగితం నిండా చెక్కపొట్టు రాలింది.

"బావా, ఇది మోటారా, పిండి డబ్బానా?" అన్నాడు డాక్టరు.

"నేనేం చేశాను? బల్లకు బిగించి వాడుకున్నా, అంతే."

"అదే మరి. కాళ్ళమీద నడవాల్సినదాన్ని తలకిందులుగా వేలాడదీశావు. నువ్వు చెక్కిందంతా దాని మీదే పడుతోంది. పాపం, అది గాలి పీల్చినప్పుడల్లా పొట్టే పీలుస్తోంది. ఎనిమిది నెలలు బతకడమే గొప్ప."

ఆరోజు మేస్త్రి భోజనం మధ్యలో లేచిపోయాడు. పనిముట్టు తన చేతుల్లో చచ్చిపోయిందంటే ఆయనకు హత్య చేసినంత నామోషీ. కొత్త మిషన్ వచ్చిన రోజు దాని మీద చెయ్యి వేసి, "రారా తమ్ముడూ, నిన్ను మాత్రం చూసుకుంటాను" అన్నాడు. తలుపు దగ్గర నిలబడి విన్న టైలరమ్మ ఊరుకుంటుందా?

"ఓహో, తమ్ముడా? అయితే నాకు మరిదిగారన్నమాట. భోజనానికి కూర్చోమనండి, వడ్డిస్తాను."

మేస్త్రి తక్కువ తిన్నాడా? టైలరమ్మ కుట్టుమిషన్ పుట్టింటి నుంచి వెంట వచ్చింది, ఆవిడకన్నా వయసులో పెద్దది. "మరి అది మీ అక్కయ్య. నాకు వదినగారు. రోజూ నూనె పెడుతున్నావా లేదా పెద్దావిడకి?" అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మనుషులు ముగ్గురే అయినా లెక్కకు అయిదుగురు. వాళ్ళ కూతురు చిన్నప్పుడు బడిలో మీ ఇంట్లో ఎవరెవరుంటారని అడిగితే అమ్మా, నాన్నా, పెద్దమ్మా, బాబాయీ అని చెప్పి వచ్చింది.

ఇంటికి వీధివైపు గది టైలరమ్మది. కిటికీ పక్కన కుట్టుమిషన్, గోడకు అద్దం, మేకులకు వేలాడే జాకెట్లు. పక్కనున్న రేకుల షెడ్డు మేస్త్రిది. రెంటికీ మధ్య ఒకే ఇటుక గోడ, అందులో ఒక తలుపు. ఆ తలుపు మూసినా తెరిచినా ఒకటే, ఇటు చప్పుళ్ళు అటూ అటు చప్పుళ్ళు ఇటూ ధారాళంగా వచ్చిపోతుండేవి. కొత్తలో ఆవిడకు తలనొప్పి వచ్చేది. తరవాత తరవాత ఆ రొద లేకపోతేనే కుట్టు వంకర పోయేది.

ఇక మేస్త్రి తమ్ముణ్ణి చూసుకున్న వైనం చెప్పాలి. చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

పొట్టంతా మోటారు మీద పడకుండా బల్ల కింద ఒక చెక్కపెట్టె కట్టి, దానికి పీల్చే గొట్టం తగిలించాడు. అయినా కంటికి కనపడని దుమ్ము వెళ్తూనే ఉంటుందని సాయంత్రం పని అవగానే మిషన్ని దించి, షెడ్డు గుమ్మంలోకి తెచ్చి బ్లోయరుతో ఊదేవాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, ముక్కులో, చెవిలో ఊదేవాడు. ఆ చప్పుడు విని వీధిలో ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకునేవారు. పొద్దుగూకిందని ఒక గుర్తు, దుమ్ము పడుతుందని ఇంకో భయం. అలా ఆయనకు ఊదుడు మేస్త్రి అని పేరొచ్చింది. మొహం మీద ఎవరూ అనేవారు కాదు, వెనకాల అందరూ అనేవారు. ఆయనకు తెలుసు. తెలిసి మురిసిపోయేవాడు.

మిషన్ స్విచ్చిలో దుమ్ము చేరుతుందని దాన్ని ముట్టుకోకుండా బల్ల కాలికి వేరే స్విచ్చి పెట్టాడు. బిట్టును అడుగంటా దించి బిగించేవాడు కాదు. పూర్తిగా దించి, గోరంత పైకి లాగి, అప్పుడు బిగించేవాడు. "అడుగు తగిలితే బిగిసినట్టే ఉంటుంది, బిగియదు" అనేవాడు. బిట్టు మొదలును పట్టుకునే కాలెట్టును వారానికోసారి ఊడదీసి, పాత పళ్ళబ్రష్షుతో కిరసనాయిలు రాసి, జిగురు వదిలించి, ఆరబెట్టేవాడు. అంగుళం లోతు చెక్కాలంటే ఒక్కసారిగా నెట్టడు. మూడు విడతల్లో చెక్కుతాడు. పెద్ద బిట్టు పెడితే వేగం తగ్గిస్తాడు. పని అయ్యాక టక్కున ఆపకుండా ఒక నిమిషం ఖాళీగా తిరగనిస్తాడు. "పరిగెత్తుకొచ్చిన వాణ్ణి టక్కున కూర్చోబెడతామా? ఆయాసం తీరనివ్వాలి" అనేవాడు. ఆదివారం వస్తే మిషన్ని బల్ల కింద నుంచి తీసి, దుప్పటి మడతేసి, దాని మీద నిటారుగా నిలబెట్టేవాడు. ఆరు రోజులు తలకిందులుగా వేలాడినవాడికి ఏడో రోజైనా కాళ్ళమీద నిలబడే హక్కుంది కదా అని ఆయన వాదన.

మోటారు లోపల అరిగిపోయే కార్బన్లు కూడా పూర్తిగా అరిగేదాకా ఆగేవాడు కాదు. ప్రతి ఏడూ కూతురి పుట్టినరోజుకు తమ్ముడికి కొత్త కార్బన్లు. "నాకు గౌను కుట్టింది అమ్మ. నాన్నేమో బాబాయికి పెట్టుబడి పెట్టాడు" అని ఆ పిల్ల మూతి ముడిచేది.

ఇవన్నీ ఒక ఎత్తు, వినడం ఒక ఎత్తు. మేస్త్రి తమ్ముడి మాటంటే చెవి కోసుకునేవాడు. రొదలో పిసరంత తేడా వస్తే చాలు, చెయ్యి స్విచ్చి మీదకు పోయేది. బిట్టు మొద్దుబారితే ఒక చప్పుడు, చెక్కలో ముడి తగిలితే ఒకటి, కార్బన్ అరిగితే ఒకటి. అన్నీ ఆయనకు కొట్టినపిండి. కూతురు పెద్దదై ఉద్యోగంలో చేరి, మొదటి నెలలోనే తండ్రికి రొద వినపడకుండా చెవులు కప్పుకునే డిప్పలు తెచ్చింది. ఎర్రగా, మెత్తటి దిండ్లతో ఉన్నాయి. మేస్త్రి వాటిని కళ్ళకద్దుకుని మేకుకు తగిలించాడు.

"పెట్టుకోండి నాన్నా. చెవులు పాడైపోతాయి."

"చెవులు మూసుకుని కూర్చుంటే వాడు పిలిచినప్పుడు ఎలా వినపడుతుందే? వాడు ఇన్నాళ్ళు బతికింది నేను విన్నందుకే."

ఆ డిప్పలు ఆ మేకుకే ఉండిపోయాయి. వాటి మీద దుమ్ము మాత్రం ఏ రోజూ ఊదలేదు ఆయన.

టైలరమ్మకు ఆ వినికిడి విద్యలో ఒక పాఠం మేస్త్రే చెప్పాడు. మిషన్ వచ్చిన మొదటి ఏడే. షెడ్డులోకి టీ తీసుకెళ్తే, ఇలా రా అని చెయ్యి పట్టుకుని లాగి, మూరెడు పొడవున్న గుండ్రటి టేకు కర్ర ఇచ్చాడు. ఒక కొన తిరుగుతున్న మోటారు ఒంటికి ఆనించి, రెండో కొన ఆవిడ చెవికి పెట్టాడు.

"వినపడుతోందా?"

పైనున్న రొదంతా ఎక్కడికో పోయింది. కర్రలోంచి సన్నటి వాన కురుస్తున్నట్టు ఒకటే ధార.

"వాన పడుతోందండీ."

"అదే బేరింగు మాట. మోటారు ఇరుసును మోసేది అదే. వాన పడుతున్నంతసేపు భయం లేదు. ఎప్పుడైనా ఇసక రాలినట్టు గరగరమందా, ఇక అంతే. ఆపెయ్యాలి. లేకపోతే బేరింగు పట్టేస్తుంది, బిట్టు విరిగి ఎగురుతుంది. వేళ్ళు అక్కడే ఉంటాయి కదా, అంగుళం దూరంలో."

అప్పటికి పెళ్ళై పద్నాలుగేళ్ళు. అయినా ఆయన ముఖం అంత దగ్గరగా, అంత ఉత్సాహంగా ఎదురుగా ఉంటే ఆవిడకు సిగ్గేసింది. మెడలో చెమట, చెవుల మీద పొట్టు, కళ్ళల్లో వెలుగు. వానను ఇంకాసేపు వింటానంది. టీ చల్లారిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్నో మరిచిపోయింది గానీ ఆ మధ్యాహ్నాన్ని మాత్రం ఆవిడ మరిచిపోలేదు. ఇప్పటికీ కాలర్లు కుడుతూ ఒక్కోసారి దాన్ని తలుచుకుని తనలో తాను నవ్వుకుంటుంది.

అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి. మోటారు డాక్టరు దగ్గరికి ఎవరైనా కాలిపోయిన రూటర్ తెస్తే, "వెళ్ళి మా బావను చూసి బుద్ధి తెచ్చుకోండి" అని పంపేవాడు. మేస్త్రి బట్టతలైపోయాడు. కూతురు రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. మరిదిగారు మాత్రం పొద్దున ఎనిమిదింటికి గొంతు సవరించుకుంటూనే ఉన్నారు.

రెండేళ్ళ కిందట మేస్త్రి ఒక కొత్త మాట మొదలుపెట్టాడు.

"ఏమోయ్, గమనించావా? మా తమ్ముడు మెత్తబడ్డాడు."

"మెత్తబడటమేంటి?"

"ఇదివరకు ఎంత అరిచేవాడు! ఇప్పుడు చూడు, ఎంత నెమ్మదిగా తిరుగుతున్నాడో. వెన్నపూసలా. బాగా చూసుకుంటే మిషన్లు కూడా పెద్దమనుషులవుతాయి."

టైలరమ్మకు అలాంటిదేమీ అనిపించలేదు. మరిదిగారు ఎప్పట్లాగే అరుస్తున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. తమ్ముణ్ణి పొగుడుకోవడం ఆయనకు మామూలే కదా. మేస్త్రి ఆ మాట వీధంతా చెప్పుకున్నాడు. డాక్టరుకు చెప్పాడు, అల్లుడికి చెప్పాడు, కలప అడితీలో చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఆయన భుజాలు కాస్త వెడల్పయ్యేవి. ఒక మనిషి జీవితమంతా చేసిన సేవకు ఫలితం దొరికితే ఎలా ఉంటాడో అలా ఉండేవాడు.

ఇంతలో ఆవిడకు వేరే దిగులు పట్టుకుంది. మొగుడు తన మాట చెవిన పెట్టడం మానేశాడు. వంటింట్లోంచి పిలిస్తే పలకడు. వెనకనుంచి ఏమైనా అడిగితే తన మానాన తాను వెళ్ళిపోతాడు. ఒకరోజు నాలుగుసార్లు పిలిచి, విసుగొచ్చి, ఎదురుగా వెళ్ళి నిలబడితే, "ఎప్పుడొచ్చావు?" అని నవ్వాడు. ముప్పై అయిదేళ్ళ కాపురం తరవాత నేను చేదైపోయానా అని ఆవిడ కూతురి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా.

ఈమధ్య పక్క వీధిలోని పుస్తకాల చదువుగది వాళ్ళు వచ్చారు. ఆ గదిలో బీరువాల అంచులకు ఇరవై రెండేళ్ళ కిందట బీడింగు చేసింది మేస్త్రే, కొత్త మిషన్ మీద మొదటి పని అదే. కొన్ని పట్టీలు చెదలు తిన్నాయి, అచ్చంగా అలాంటివే కావాలన్నారు. మేస్త్రి పొంగిపోయాడు. గుడ్డలో చుట్టి దాచిన పాత బిట్టు బయటికి తీశాడు. "చూశావా, అదే తమ్ముడు, అదే బిట్టు, అదే చెయ్యి" అని టైలరమ్మకు చూపించాడు. పాత పట్టీ పక్కన కొత్తది పెడితే ఏది ఏదో ఎవరూ కనిపెట్టలేకపోవాలని ఆయన పంతం.

పని మొదలైన మూడో రోజు పొద్దున టైలరమ్మ కాలరుకు కాన్వాసు వేసి కుడుతోంది. గోడ అవతల రొదలో ఏదో సన్నటి ఈల వినపడింది. దోమ చెవి దగ్గర పాడినట్టు. ఆవిడ పెడలు ఆపింది. ఇప్పుడు ఆపుతాడు చూడు, అనుకుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఇలాంటిది ఆవిడకు వినపడేలోపే ఆయన చెయ్యి స్విచ్చి మీద ఉండేది.

ఆగలేదు.

ఇంకో పట్టీ నడిచింది. ఇంకొకటి. ఈల పెరిగింది. ఆవిడ లేచి తలుపు తీసింది. మేస్త్రి పట్టీని రెండు చేతులా నెడుతున్నాడు. మిషన్ చెవులు చిల్లులు పడేలా కీచుమంటోంది. ఆయన ముఖంలో హాయి. పెదవుల మీద చిన్న చిరునవ్వు. జోలపాట వింటున్న మనిషిలా ఉన్నాడు.

 పిలిస్తే పలకకపోవడం, ఎప్పుడొచ్చావు అనడం, టీవీ వీధిలోకి వినపడేలా పెట్టడం, అన్నీ ఒక్కసారిగా టైలరమ్మ కళ్ళముందు వరసలో నిలబడ్డాయి. వాటి వెనకాల ఆ మాట. మెత్తబడ్డాడు.

మరిదిగారు మెత్తబడలేదు. తన మొగుడి చెవులు పోయాయి.

ఆవిడ గదిలోకి వచ్చి కూర్చుంది. మొదట వచ్చింది ఏడుపు కాదు, సంతోషం. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ అదే నిజం. నన్ను చేదనుకోలేదు, వినపడలేదంతే. ఆ తరవాత వచ్చింది భయం. ఆ బేరింగు పట్టేస్తే? అంగుళం దూరంలో ఆ వేళ్ళు. పోనీ చెప్పేద్దామా అంటే, ఏమని చెప్పాలి? మీరు రెండేళ్ళుగా ఊరంతా చెప్పుకున్న గొప్ప, మీ చెవుడు అని చెప్పాలి. మిషన్ని బతికించడానికి మీ చెవుల్ని దానికి మేతగా వేశారు అని చెప్పాలి. చెబితే మనసు పోతుంది, చెప్పకపోతే వేళ్ళు పోతాయి.

మధ్యాహ్నం ఎదురుగా నిలబడి, కొంచెం గట్టిగానే అంది. "మరిదిగారు ఈల వేస్తున్నారండీ."

"వాడా? ఈలా? నీ చెవిలో పురుగేమైనా దూరిందేమో చూసుకో. వాడింత మెత్తగా ఎప్పుడూ లేడు."

"నిజమండీ. సన్నగా కీచుమంటోంది."

"చెక్క కొంచెం పచ్చిగా ఉంది. అందుకే పట్టీ మీద సన్నటి గీతలు కూడా పడుతున్నాయి. బిట్టుకు సాన పెడతాలే."

గీతలు ఆయన కంటికి కనపడుతూనే ఉన్నాయి. ఇరుసు వణికితే పడే గీతలవి. వేరే ఎవరి మిషనైనా అయితే చూడగానే చెప్పేవాడు. తన తమ్ముడి మీద మాత్రం అనుమానం రాలేదు. చెక్కను తిట్టాడు, బిట్టుకు సాన పెట్టాడు, అడితీవాణ్ణి తిట్టాడు.

టైలరమ్మ మోటారు డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఏదో పనిమీద వచ్చినట్టు షెడ్డులోకి వచ్చాడు. స్విచ్చి వేయగానే ఆయన ముఖం చింతకాయ కొరికినట్టయింది. టైలరమ్మ మొగుడి వెనకనుంచి వద్దని కళ్ళతోనే బతిమాలింది.

"బావా, ఒకసారి బేరింగులు మార్చేద్దామా? చాలా ఏళ్ళయింది కదా" అన్నాడు డాక్టరు నెమ్మదిగా. ఆ నెమ్మదితనమే కొంప ముంచింది.

"ఏంటీ?"

డాక్టరు గట్టిగా చెప్పాడు. మేస్త్రికి ముక్కు ఎర్రబడింది. "ఇంత సాఫీగా తిరుగుతున్నదాన్ని విప్పుతావా? నీకు బేరం లేకపోతే వేరే ఇల్లు చూసుకో. వాడి మాట నాకన్నా నీకు ఎక్కువ తెలుసా?"

డాక్టరు టైలరమ్మ వైపు చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇక ఎవరూ మిగల్లేదు. చేస్తే ఆవిడే చెయ్యాలి. మేస్త్రి మళ్ళీ పట్టీ అందుకున్నాడు.

ఆవిడకు అప్పుడు ఆ కర్ర గుర్తొచ్చింది. ఉందో లేదోనని భయపడుతూ చూస్తే, షెడ్డు మూల ఉలుల పలక వెనకాలే ఉంది. చేతులు తగిలి తగిలి నల్లబడి నున్నగా అయింది. దాన్ని తీసుకుని బల్ల దగ్గరికి వచ్చి, మేస్త్రి ముందు నిలబడి, పట్టీ వదిలెయ్యమని సైగ చేసింది. ఆయన పట్టీ పక్కన పెట్టాడు. మిషన్ తిరుగుతూనే ఉంది. ఆవిడ బల్ల కింది పెట్టె తలుపు తీసి, కర్ర ఒక కొన మోటారు ఒంటికి ఆనించింది. రెండో కొన ఆయన చెవికి పెట్టబోయి, ఆగింది. చెవికి పెట్టి లాభం లేదని ఆవిడకు తెలుసు.

"పళ్ళతో పట్టుకోండి."

"ఏంటే ఈ చోద్యం?" అని నవ్వాడు మేస్త్రి. నవ్వుతూనే, ముసలి పెళ్ళాం ముచ్చట తీర్చడానికన్నట్టు, మోకాళ్ళమీద వంగి కర్ర కొన పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళల్లోంచి మాత్రం పోయింది. పళ్ళల్లోంచి దవడలోకి, దవడలోంచి తలలోకి ఇసక రాలుతోంది. గరగర, గరగర. వాన ఎక్కడా లేదు. ఆయన కర్ర వదలకుండా ఆవిడ వైపు చూశాడు. అంతలా భయపడిన ముఖం ఆవిడ అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

లేచి స్విచ్చి ఆపాడు. ఖాళీగా తిరగనివ్వకుండా, టక్కున, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

 ఆయన బల్ల అంచును వేళ్ళతో తడుముతూ అడిగాడు.

"ఎప్పట్నించి?"

ఆవిడ ఎదురుగా వచ్చి, పెదవులు కనపడేలా చెప్పింది. "ఈల ఈరోజే మొదలైంది."

"ఈల సంగతి కాదు. నా సంగతి."

"రెండేళ్ళయి ఉంటుందండీ."

మేస్త్రి తల ఊపాడు. లెక్క ఆయనకూ తెలిసింది. బల్ల కింద తలకిందులుగా ఉన్న మిషన్ వైపు వంగి చూసి, "అయితే నువ్వు మెత్తబడలేదురా" అన్నాడు.  ఆ మాటకు టైలరమ్మ ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేసింది. "అడితీలో అందరికీ చెప్పాను" అన్నాడు ఆయన. "అల్లుడికి కూడా చెప్పాను." సిగ్గుపడుతున్న పిల్లాడిలా ఆయన ముఖం పక్కకు తిప్పుకుంటే, ఆవిడ గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. ముఖం తిప్పుకుంటే ఇక ఈ మనిషితో మాట్లాడటం కుదరదు మరి.

మర్నాడు మోటారు డాక్టరు అలక గిలక లేకుండా వచ్చి రెండు బేరింగులూ మార్చాడు. పాతది వేలితో తిప్పి చూపించాడు. లోపలి చిన్న ఇనప గుళ్ళల్లో ఒకటి నలిగిపోయి ఉంది. ఇంకో పూట నడిచి ఉంటే పట్టేసేదన్నాడు. మేస్త్రి ఆ బేరింగును చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, జేబులో వేసుకున్నాడు. మోటారు లోపల మాత్రం పొట్టు లేదు. "ఇరవై రెండేళ్ళ మోటారు ఇంత శుభ్రంగా ఉండటం నేనెక్కడా చూడలేదు బావా" అన్నాడు డాక్టరు, ఈసారి గట్టిగా. అదొక్కటీ మేస్త్రికి బాగా వినపడింది.

కూతురు తండ్రిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. సన్నటి చప్పుళ్ళన్నీ పోయాయని, పోయినవి ఇక రావని, ఉన్నవి కాపాడుకోవాలని ఆయన చెప్పాడు. చెవిలో పెట్టుకునే చిన్న మిషన్ ఉంటుందన్నాడు. "ఇంకో మిషనా? దాన్నెవరు ఊదాలి?" అన్నాడు మేస్త్రి. కూతురు ఫక్కున నవ్వింది, ఆ తరవాత దారంతా కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

చదువుగది పట్టీలు ఇంకా సగం మిగిలాయి. ఆ ఉదయం మేస్త్రి మిషన్ని బల్లకు బిగించాడు. బిట్టు దించి, గోరంత పైకి లాగి, బిగించాడు. స్విచ్చి మీద చెయ్యి పెట్టి, వెయ్యలేక నిలబడ్డాడు. వేస్తే ఎలా ఉందో ఆయనకు తెలియదు. తెలియకుండా మిషన్ ముందు నిలబడటం ఆయనకు ఇదే మొదలు. తలుపు వైపు తిరిగి, "ఏమోయ్, ఒకసారి రా" అని పిలిచాడు.

టైలరమ్మ మెడలో టేపుతోనే వచ్చింది. చేతిలో టేకు కర్ర ఉంది, అడగకుండానే తెచ్చింది. "వెయ్యండి. నేను విని చెబుతాను" అంది.

మేస్త్రి స్విచ్చి వెయ్యలేదు. ఆవిడ చెవుల వైపు చూశాడు. చూసి, గోడ దగ్గరికి వెళ్ళి, మేకుకున్న ఎర్ర డిప్పలు తీశాడు. బ్లోయరు పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి వాటి మీద ఏళ్ళనాటి దుమ్ము ఊదాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, దిండ్ల లోపలా ఊదాడు. చొక్కా కొనతో తుడిచాడు.

"పెట్టుకోండి. మనమ్మాయి ఎప్పుడో తెచ్చింది" అంది టైలరమ్మ సంతోషంగా.

మేస్త్రి వాటిని తన తలకు పెట్టుకోలేదు. ఆవిడ జుట్టు పక్కకు సర్ది, రెండు డిప్పలూ ఆవిడ చెవులకు జాగ్రత్తగా అమర్చాడు. పెట్టే ముందు, చెవి దగ్గరగా, తన గొంతు ఎంత పెద్దదైందో తెలియక వీధంతా వినపడేలా చెప్పాడు.

"నా చెవులు అరగ్గొట్టుకున్నాను. ఇద్దరికీ కలిపి ఇంట్లో ఇక ఇవే ఉన్నాయి. వీటిని జాగ్రత్తగా చూసుకోవాలి."

స్విచ్చి వేశాడు. ఆవిడ కర్ర మోటారుకు ఆనించి, రెండో కొన పళ్ళతో పట్టుకుంది. సన్నగా, సాఫీగా వాన పడుతోంది. చెయ్యెత్తి బాగుందని సైగ చేసింది. ఆయన ముఖం విప్పారింది, పట్టీ అందుకున్నాడు.

ఆవిడ కర్ర తీసేసి, అలాగే నిలబడి వింది. డిప్పల వెనకనుంచి మరిదిగారు ఎక్కడో దూరంగా, ఏ కోపమూ లేకుండా, నెమ్మదిగా తిరుగుతున్నారు. ఈ రెండేళ్ళూ ఆయన విన్నది ఇదన్నమాట. ఇంత హాయిగా ఉంటే మరి ఎవరైనా అలాగే అనుకుంటారు.

పట్టీ చివరిదాకా నడిచాక మేస్త్రి తల ఎత్తాడు. ఎలా ఉన్నాడు అన్నట్టు కళ్ళెగరేశాడు. ఆవిడ ఆయనకు పెదవులు బాగా కనపడేలా నిలబడింది.

"మెత్తబడ్డాడండీ" అంది.